గాడి ఎటువైపు ఉండాలి

శనివారం, రాత్రి పది దాటింది. రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతులకు గ్రైండింగ్ పేస్ట్ జిడ్డు వదల్లేదు.

పొద్దున బాపు పాత కారు హెరాల్డ్ క్రాంక్‌ను, అంటే పిస్టన్లు తిప్పే ఇంజను ఇరుసును, దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని లేత్ షాపుకు తీసుకెళ్లాను. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి లారీల వరుస. ఘాటుకు డ్రైవర్ తుమ్ముతూనే నడిపాడు. గుంత వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్.

షాపులో కొలతలు చూసే పెద్దాయన కాజీపేట డీజిల్ లోకోషెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. అందరూ కాకా అంటారు. మైక్రోమీటరు పట్టుకుంటే ఇక మాట్లాడడు. ఒక్కో జర్నల్‌ను, అంటే క్రాంక్ బేరింగులో తిరిగే గుండ్రటి భాగాన్ని, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కొలిచాడు, ఎందుకంటే అరుగుదల గుండ్రంగా ఉండదు. క్రాంక్‌ను ఇంజనులో మోసే మెయిన్ జర్నళ్లు మూడూ పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అరగదీసి దించితే సరిపోతాయట. పిస్టన్ రాడ్లు పట్టుకునే రాడ్ జర్నళ్లలో మూడోది కోలగా అరిగింది. దానికోసం నాలుగింటినీ ఇరవై థౌ దించాలి, అంటే అర మిల్లీమీటరు. బేరింగులూ ఆ సైజువే వేయాలి.

తర్వాత జేబులోంచి థ్రస్ట్ వాషర్లు తీసి చూపించాను. అర్ధచంద్రాల్లాంటి రెండు రేకు ముక్కలు, ఒకవైపు ఆయిల్ గాళ్లు ఉంటాయి. క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేవి ఇవే. ఆ కదలిక 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్యే ఉండాలి. ఇంజను దించకముందు తమ్ముడు క్లచ్ తొక్కితే, ముందున్న పుల్లీ ముందుకు జరగడం కంటికే కనిపించింది.

కాకా వెనక వాషర్‌ను తిప్పి తిప్పి చూశాడు. "ఉల్టా పెట్టిండు బిడ్డా. గాడి ఉన్న దిక్కు క్రాంక్‌కు ఆనాలె. ఇంజను గోడ దిక్కు పెడితే ఆయిల్ ఎట్ల అందుతది?"

చాలాసేపు నోట మాట రాలేదు. పదిహేనేళ్ల కింద ఒక మెకానిక్ ఇంజను విప్పి బిగించాడు. ఆ తర్వాతే చప్పుడు మొదలైంది. బండికి వయసైపోయిందని బాపు దాన్ని షెడ్డులో పెట్టి, తాళంచెవి దేవుడి గూట్లో పెట్టేశాడు. మద్రాసులో 1961 నుంచి తయారైన బండి అది. ఇంగ్లండులో ఇదే ఇంజను కుటుంబంతో 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు వచ్చింది. 948 సీసీ ఇంజనుకు ఏ రోగమూ లేదు. ఒక్క రేకు ముక్క తిరగబడింది, అంతే. ఈ కోపం నాకు ఇప్పట్లో తగ్గదు.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఏమీ అనలేదు. వాషర్‌ను అరచేతిలో పెట్టుకుని గాడి మీద గోరుతో గీసి చూశాడు.

సాయంత్రం వరండాలో ఇంజను పైభాగమైన హెడ్ ముందేసుకుని, వాల్వులు సీట్ల మీద సందు లేకుండా కూర్చునేలా పేస్ట్ పెట్టి రుద్దుతున్నాను. పోయిన నెలే దీనికి గట్టి సీట్లు వేయించాం. 2000లో సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయాక, పాత పోత ఇనుము సీట్లు అరిగిపోతాయి కదా. బాపు కుర్చీ దగ్గరికి లాక్కుని వాల్వు తిప్పే కర్ర ఇమ్మన్నాడు. రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాడు. మామూలుగా వణికే చేతులు అప్పుడు వణకలేదు. మొదట గరగరమంది, తర్వాత మెత్తబడింది. ఆ చప్పుడు మారిందంటే పేస్ట్ పని అయిపోయినట్టే. వాల్వు ఎత్తి తుడిస్తే చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు ఉంగరం కనిపించింది. నేను చేసిన మూడింటికంటే అదే శుభ్రంగా వచ్చింది.

ఎనిమిదీ అయ్యాక ప్లగ్గులు బిగించి, హెడ్‌ను తిరగేసి, వాల్వులు కారుతున్నాయేమో చూడ్డానికి గుంటల్లో పెట్రోల్ పోశాం. అన్నం తిని వచ్చి ఒక్కో వాల్వు వెనక పెట్టిన పేపర్ ముక్కలు తీసి చూస్తే ఏడు పొడిగా ఉన్నాయి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌ది మాత్రం తడిసింది. అది నేను రుద్దిందే.

"రేపు పొద్దున నేను చూస్త, నువ్వు ముట్టకు" అన్నాడు బాపు.