సంఖ్యల పాఠానికి లాటరీ పాట

స్పానిష్‌లో పెద్ద సంఖ్యల పాఠం వచ్చినప్పుడల్లా నేను పెట్టే వీడియో ఒకటే. ఏటా డిసెంబరు 22న మాడ్రిడ్‌లో తీసే క్రిస్మస్ లాటరీ. తెయాత్రో రెయాల్ వేదిక మీద రెండు గుండ్రటి పంజరాలు తిరుగుతుంటాయి. పెద్దదాంట్లో 00000 నుంచి 99999 దాకా లక్ష చెక్క బంతులు, చిన్నదాంట్లో బహుమతుల బంతులు. సాన్ ఇల్దెఫోన్సో బడి పిల్లలు ఇద్దరు నిలబడతారు. ఒకరు సంఖ్య పాడతారు, ఇంకొకరు దానికి తగిలిన బహుమతి పాడతారు. చదవడం కాదు, నిజంగానే రాగం తీసి పాడతారు. చాలాసార్లు వినిపించేది 'మిల్ ఎఉరోస్', అంటే వెయ్యి యూరోలు. అదే రాగం గంటల తరబడి సాగుతుంది. పెద్ద బహుమతి పడ్డప్పుడు మాత్రం ఆ లయ తెగిపోతుంది, హాలంతా అరుపులు.

మొదటి నెలలో ఉన్నవాళ్లకి ఇది మరీ వేగం కాదా అని తోటి టీచర్లు అడుగుతుంటారు. వేగమే. అందుకే వీడియో జోలికి పోకుండా ప్రశ్నను తగ్గిస్తాను. ఒక్క నిమిషం ముక్క తీసుకుని, మొదటిసారి 'రెండో పాప ఏం పాడుతోంది?' అని మాత్రమే అడుగుతాను. అది అందరికీ దొరుకుతుంది, ఎందుకంటే ఆ పాప పాడేది మారదు. రెండోసారి సంఖ్యలోని చివరి రెండంకెలు పట్టుకోమంటాను. మూడోసారి ఆ సంఖ్యలో 'మిల్' (వెయ్యి) అనే మాటకి ముందు ఏముందో వినమంటాను. ఆ తర్వాత మొత్తం సంఖ్య రాయమంటే, సగం క్లాసు సరిగ్గా రాసేస్తుంది. తమకోసం ఎవరూ నెమ్మదిగా మాట్లాడలేదని, అయినా తమకి అర్థమైందని వాళ్లకి తెలిసిన ఆ క్షణం నాకు చాలా విలువైనది. పాఠ్యపుస్తకంతో వచ్చే ఆడియోలో ఎంత చక్కగా పలికినా ఈ ధైర్యం రాదు.

సంఖ్యలు అయ్యాక అసలు ప్రశ్న వస్తుంది: లాటరీకి దేశమంతా ఇంత హడావిడి ఎందుకు? 1812లో కాదిస్‌లో మొదలైంది ఇది. దెసిమో అని పిలిచే పదో వంతు టికెట్టు 20 యూరోలు, మొదటి బహుమతి తగిలితే దాని మీద 4 లక్షల యూరోలు. కానీ లెక్క అంతటితో అయిపోదు. ఒక ఆఫీసువాళ్లంతా ఒకే నంబరు కొంటారు, ఒక బారుకి వచ్చేవాళ్లంతా ఇంకో నంబరు కొంటారు, కుటుంబాలు పంచుకుంటాయి. పక్క బల్ల వాళ్లందరికీ తగిలి తనొక్కడికే తగలకపోతే ఎలా అనే బెంగ కూడా టికెట్టు కొనిపిస్తుంది. మర్నాడు వార్తల్లో టికెట్టు అమ్మిన దుకాణం ముందు షాంపేన్ చిమ్ముతూ కౌగిలించుకునే జనం కనిపిస్తారు. ఆ వార్త ముక్క కూడా చూపిస్తాను, ఈసారి శబ్దం లేకుండా. 'వీళ్లు ఒకరికొకరు ఏమవుతారు?' అని అడిగితే వచ్చే ఊహలతోనే అరగంట గడిచిపోతుంది.

స్పానిష్ నేర్చుకునేవాళ్ల కోసమే తీసిన చానళ్లు మంచివే. ఈజీ స్పానిష్, డ్రీమింగ్ స్పానిష్ లాంటివి ఇంట్లో చూడమని నేనే చెబుతాను. తరగతి గదిలోకి మాత్రం, మనం వింటున్నామన్న సంగతి తెలియని మనుషులు రావాలని నా కోరిక.

మెక్సికో నగరం వీధుల్లో వినిపించే పాత సామాన్ల బండి పిలుపు అలాంటిదే. ఒక చిన్నపిల్ల గొంతు, సాగదీసి: 'సె కోంప్రాన్ కొల్చోనెస్...' పరుపులు, ఫ్రిజ్‌లు, స్టవ్‌లు, వాషింగ్ మెషీన్లు, మైక్రోవేవ్‌లు, అమ్మే పాత ఇనుము ఏదైనా కొంటాం అని. 2004లో ఒక పాత సామాన్ల వ్యాపారి తన కూతురితో చెప్పించి రికార్డు చేసిన ఆ గొంతు ఇప్పుడు ఊరంతటిదీ అయిపోయింది. ఆ ఒక్క వాక్యంలో ఇంటి సామాన్ల పేర్లున్నాయి, ఎవరు కొంటారో చెప్పకుండా 'సె' వాడే పద్ధతి ఉంది, చివర్లో 'కె వెందాన్' (మీరు అమ్మేది) దగ్గర సబ్జంక్టివ్ అనే క్రియారూపం ఉంది. ఏ వస్తువో ఇంకా తెలియదు కాబట్టి అక్కడ ఆ రూపం వచ్చిందని నేను వివరించేలోపే, రాగంతో సహా క్లాసుకి ఆ వాక్యం వచ్చేస్తుంది. వ్యాకరణం తర్వాత నెమ్మదిగా దాని మీదికి ఎక్కుతుంది.

అర్జెంటీనా నుంచి నాకు ఇష్టమైనవి స్నేహితులు కూర్చుని మాతే అనే ఆకుల టీ తాగే మామూలు ఇంటి వీడియోలు. ఒక్కరే వేణ్నీళ్లు పోసి అందిస్తుంటారు, ఒకే పాత్ర, ఒకే గొట్టం, వంతులవారీగా తిరుగుతుంది. శబ్దం తీసేసి, పాత్ర ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తోందో గీత గీయమంటాను. తర్వాత శబ్దం పెట్టి, 'గ్రాసియాస్' ఎప్పుడు వినిపించిందో గుర్తు పెట్టమంటాను. ఆ మాట అన్నవాళ్ల దగ్గరికి పాత్ర మళ్లీ రాదు. అక్కడ దానర్థం ఇక చాలు అని. నేను ముందే చెప్పేస్తే అదొక సమాచారం మాత్రమే. గీతలు గీసి వాళ్లే కనిపెడితే ఆ బల్ల దగ్గర ఎలా కూర్చోవాలో తెలుస్తుంది. మిగతావాళ్లు 'య' అనే చోట బ్యూనస్ ఐరెస్ వాళ్లు పలికే 'ష' కూడా అప్పుడే చెవిన పడుతుంది. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, మాడ్రిడ్ యాస ఒక్కటే వింటూ ఏడాది గడపడం అన్యాయమనిపిస్తుంది నాకు.

సంస్కృతి వీడియోలతో ఒక జాగ్రత్త కావాలి. మెక్సికో మృతుల పండుగ అని వెతికితే ముందుగా రాజధానిలోని బ్రహ్మాండమైన ఊరేగింపే వస్తుంది. అది 2016లో మొదలైంది, అంతకు ముందు ఏడాది వచ్చిన ఒక జేమ్స్ బాండ్ సినిమాలో అలాంటి ఊరేగింపు చూపించాక. యునెస్కో ఈ పండుగను తన జాబితాలో చేర్చింది 2008లో. అప్పటికి ఆ ఊరేగింపే లేదు. అందుకని రెండూ పక్కపక్కన పెడతాను: ఊరేగింపు ఒకటి, నవంబరు 1, 2 తేదీల్లో ఇంట్లో బంతిపూలు, ఫొటోలు, పోయినవాళ్లకి ఇష్టమైన వంటలతో పీట అలంకరించే కుటుంబం ఒకటి. ఎవరు ఎవరి కోసం చేస్తున్నారని అడుగుతాను. రెండోది కెమెరా కదిలిపోతూ, మాటలు సరిగా వినపడకుండా ఉన్నా సరే, దానికే ఎక్కువ సమయం ఇస్తాను.

మిగతావి పని మెళకువలు. క్లిప్ రెండు నిమిషాలు దాటనివ్వను. యూట్యూబ్ తనంతట తాను తయారుచేసే సబ్‌టైటిల్స్ మొదటిసారి పెట్టను. చివర్లో పెట్టి, అవి ఎక్కడ తప్పాయో పట్టుకోమంటాను, యాస గట్టిగా ఉన్న చోట తప్పులు బాగా దొరుకుతాయి. వేగం తగ్గించే మీట ముట్టుకోను, రాగం చచ్చిపోతుంది. వీడియోలు చెప్పకుండా మాయమవుతుంటాయి కాబట్టి ఒక పట్టికలో దేశం, మాట్లాడేది ఎవరు, ఏ నిమిషం, నేను అడిగిన ప్రశ్న రాసి పెట్టుకుంటాను. లింకు పోయినా ప్రశ్న ఉంటే అలాంటి ఇంకో వీడియో వెతుక్కోవచ్చు. ఇప్పుడు ఆ పట్టికలో ఖాళీగా ఉన్న వరుస ఆఫ్రికాలో స్పానిష్ మాట్లాడే దేశం ఈక్వటోరియల్ గినీ. అక్కడి స్పానిష్‌లో సంతలో బేరమాడే వీడియో కోసం వెతుకుతున్నాను.