తూనీగ మళ్ళీ అదే పుల్ల మీదికి వస్తుంది

కెమెరా చేతిలో ఉంటే నా నడక సాగదని, పొదపొదకూ ఆగిపోతానని వెంట వచ్చేవారు విసుక్కుంటారు. వారి మాట నిజమే. అయినా ప్రకృతిలో తిరుగుతూ ఫొటోలు తీయడంలోని అసలు ఆనందం, నా దృష్టిలో, చిత్రం అందంగా రావడంలో కన్నా ఒక ప్రాణి అలవాటు మనకు పట్టుబడటంలోనే ఎక్కువగా ఉంది.

తూనీగనే తీసుకుందాం. నీటి అంచున ఎండుపుల్ల కొనపై వాలిన తూనీగ మన అలికిడికి చటుక్కున లేచిపోతుంది, వెంటపడితే చిక్కదు. అయితే చాలా జాతుల తూనీగలు వేటకు ఎగిరి తిరిగి అదే పుల్ల మీదికి చేరతాయి గనుక, ఫోకస్‌ను ముందుగానే ఆ పుల్ల మీద సరిచూసుకుని, మన నీడ దానిపై పడకుండా కదలక నిలబడితే, అదే వచ్చి వాలుతుంది. ఉదయపు చలిలోనైతే ఇంత ఓపిక కూడా అక్కరలేదు. రెక్కలాడించే కండరాలు ఇంకా వేడెక్కి ఉండవు కాబట్టి, ఒంటినిండా మంచు బొట్లతో గడ్డిపరకను కరచుకుని ఉండిపోతుంది.

చిన్న ప్రాణులను దగ్గరనుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్‌తో అంత దగ్గరగా తీసేటప్పుడు స్పష్టత కొన్ని మిల్లీమీటర్ల లోతుకు మించి ఉండదు. కంటిపై ఫోకస్ నిలిపితే తోక మసకబారుతుంది. అందుకే దాని శరీరం పొడవునా లెన్స్‌కు ఒకే దూరంలో ఉండేలా పక్కనుంచి, మోకాళ్ళ మీద కూర్చుని తీయాలి (బట్టల సంగతి అప్పుడు తలచుకోకూడదు). లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే అపెర్చర్‌ను, ఎఫ్/11 దాకా కుదిస్తే స్పష్టత లోతు కొంత పెరుగుతుంది గానీ, వెలుతురు తగ్గి షటర్ ఎక్కువసేపు తెరిచి ఉండాల్సి రావడంతో దాని వేగం పడిపోయి చిరుగాలికే బొమ్మ చెదిరిపోతుంది.

ఎగిరే పక్షులకు సెకనులో 1000వ వంతు షటర్ వేగమైనా కావాలి. గూళ్ళ జోలికి మాత్రం నేను పోను. మనం దగ్గరికి వెళితే తల్లిపక్షి గుడ్లను వదిలి లేచిపోతుంది, ఏ ఫొటో కూడా అంత విలువైనది కాదు.

ఇంటికి వచ్చాక చిత్రాన్ని తెరపై పెద్దది చేసి చూడటం మరో వేడుక. రెక్క కొన దగ్గరి ముదురురంగు గడి అలంకారం కాదు. గాలిలో తేలిపోయేటప్పుడు రెక్క అదరకుండా దాని బరువే ఆపుతుంది. పొట్ట అడుగున ఎర్రని పూసల్లా కనిపించేవి తూనీగను అంటిపెట్టుకుని దాని ఒంటిరసం పీల్చే నీటినల్లుల పిల్లలు. వాటిని ఒకసారి తెరపై చూశాక, ఏ తూనీగ ఎదురైనా నా చూపు రెక్కల కన్నా ముందు పొట్ట అడుగుకే పోతోంది.