క్లాసులో గేమ్ ఆడించినందుకు మెమో, నా అనుభవం

నా మీద ఇచ్చిన మెమో ఈరోజు డ్రాప్ చేసినారు, అందుకే కడుపులో ఉన్నదంతా ఇప్పుడే రాసేస్తున్నా. నేను అనంతపురం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను.

గేమ్ పెట్టుకోవడం పెద్ద పనేం కాదు. ఫెట్ అని అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ల వెబ్‌సైట్ ఉంది, సైన్స్ పాఠాలను తెర మీద ఆటలాగా చేసి చూసుకోవచ్చు. ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినాడు, అంతా ఫ్రీ. క్లాసులో ప్యానెల్ (వేలితో నొక్కే పెద్ద టీవీ తెర) ఉంది, ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే ఓపెన్ అయిపోతుంది.

టెన్త్‌లో రసాయన సమీకరణాలు తుల్యం చేయడం (రెండు పక్కలా ఆటమ్స్ లెక్క సమానం చేయడం) దగ్గర ప్రతి ఏడాదీ ఒకటే గోస. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్లయ్యేది ఇస్తే పిల్లలు లెక్క సరిపోవాలని హెచ్‌టూఓ కింద ఇంకో రెండు తగిలించి హెచ్‌టూఓటూ రాసేస్తారు, అది నీళ్లు కాదురా హైడ్రోజన్ పెరాక్సైడ్ అని ఎంత అరిచినా మళ్లీ అదే. ఫెట్‌లో దీనికోసమే ఉన్న గేమ్‌లో ఆ కింది అంకెను ముట్టుకునేదానికే లేదు, ముందుండే అంకె ఒక్కటే మార్చగలం. అది పెంచితే మొత్తం అణువే ఇంకోటి వచ్చి పక్కన కూర్చుంటుంది, తెర మీదుండే తక్కెడ అటో ఇటో వాలుతుంది. వెనక బెంచీలో నోరు విప్పని పిల్లోడు లేచొచ్చి మీథేన్ మండేది పెట్టి, ఆక్సిజన్ ముందు రెండు, నీళ్ల ముందు రెండు నొక్కి సరిచేసినాడు. క్లాసంతా చప్పట్లు.

సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన ఆఫీసర్ లోపలికొచ్చినారు. "ఏం మేడం, పిల్లోళ్లతో గేములాడిస్తా ఉండారా? జీతం ఇందుకేనా?" అన్నారు, నలభై మంది పిల్లల ముందర. పాఠమే సార్ అని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ముందు బెంచీ పాపను లేపి తుల్య సమీకరణం అంటే ఏంది అని అడిగినారు. ఆ పాప "ఈ పక్క ఎన్ని ఆటమ్స్ ఉంటే ఆ పక్క అన్నే ఉండాల సార్, అణువులు మారుతాయి గానీ ఆటమ్స్ యాడికీ పోవు" అనింది. ద్రవ్యనిత్యత్వ నియమం అంతా అందులోనే ఉంది కదా! ఆయన మాత్రం "టెక్స్ట్‌బుక్‌లో ఉన్నట్టు చెప్పు" అన్నారు. పాప తల దించుకుంది. నన్నన్నది నేను మర్చిపోతానేమో గానీ ఇది మాత్రం మర్చిపోను.

తర్వాత మెమో, మూడు రోజుల్లో సంజాయిషీ. "తప్పయిందని రాసిచ్చేయమ్మా, పోతుంది" అన్నారు హెడ్‌మాస్టర్. స్టాఫ్‌రూంలో ఒక్కరూ నోరు మెదపలేదు, అదే ఎలక్షన్ డ్యూటీ మార్పించుకోవాలంటే అందరూ యూనియనే. నేను తప్పయిందని రాయలా. లెసన్ ప్లాన్, పిల్లల నోట్సులు గేమ్‌కు ముందువీ తర్వాతవీ జిరాక్సులు, జాతీయ విద్యా విధానం 2020లో అనుభవపూర్వక అభ్యసనం గురించి ఉన్న 4.6 పేరా, అన్నీ పెట్టి ఇచ్చినా. అది ఇచ్చేదానికి పోతే ఆ ఆఫీసులో కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమన్న పాపాన పోలేదు, సార్ మీటింగ్‌లో ఉన్నారంటూ సాయంత్రం దాకా నిలబెట్టినారు. చివరికి నోట్సులు తిరగేసిన పెద్దాఫీసర్ ఒక్కరే "బాగుందమ్మా, కానీండి" అన్నారు.

మీరు కూడా చేయాలనుకుంటే గేమ్ పేరు, దాంతో పిల్లలు ఏం నేర్చుకోవాలో లెసన్ ప్లాన్‌లో ముందే రాసి సంతకం చేయించుకోండి. నెట్‌ను నమ్ముకోవద్దు, డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఒకరు ప్యానెల్ దగ్గరుంటే మిగతావాళ్లు నోట్సులో రాయాల్సిందే, ల్యాకపోతే అది నిజంగానే ఆట అవుతుంది. నోటిమాటగా పర్మిషన్ ఇచ్చేవాళ్లను అస్సలు నమ్మొద్దు.

కరెంటు పాఠానికి ఫెట్‌లోనే ఉన్న సర్క్యూట్ కిట్ గేమ్ కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా. బల్బు కరెంటును తినేస్తుందని చాలామంది పిల్లలు అనుకుంటారు, అందులో బల్బుకు ముందూ వెనకా ఎలక్ట్రాన్లు ఒకే స్పీడులో పోయేది కంటికి కనిపిస్తుంది. ముందు ఆ పాపనే పిలిచి ప్యానెల్ దగ్గర నిలబెడతా.