మా అమ్మాయి ఉండేది ప్రిన్స్‌టన్ కాదు

మీ అమ్మాయి అమెరికాలో ఎక్కడుంటుందని పెరంబూరులో ఎవరడిగినా మా ఆవిడ ప్రిన్స్‌టన్ అనే చెబుతుంది. అమ్మాయీ అల్లుడూ కూడా అంతే. నిజానికి వాళ్లుండేది ఆ పక్కనున్న ప్లెయిన్స్‌బరో టౌన్‌షిప్‌లో. అక్కడ టౌన్‌షిప్ అంటే సొంత పాలన ఉన్న ఊరు. న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీ. అక్కడ కొన్ని వీధులకు పోస్టల్ అడ్రస్ ప్రిన్స్‌టన్ పేరు మీదే ఉంటుంది కాబట్టి పూర్తిగా అబద్ధమనీ అనలేం. మొగప్పేరులో ఫ్లాటు కొని అన్నానగర్ వెస్ట్ ఎక్స్‌టెన్షన్ అని చెప్పుకునేవాళ్లు మన మద్రాసులో లేరా ఏమిటి!

ప్రిన్స్‌టన్‌కి యూనివర్సిటీ ఉంది, ఐన్‌స్టీన్ ఉన్న ఇల్లు ఉంది. ఉండనివ్వండి. మాధవరంలో పాల డెయిరీలో పనిచేసి రిటైరైన నాలాంటివాడికి మాత్రం గొప్ప ఊరంటే ప్లెయిన్స్‌బరోనే. ఎందుకో చెబుతాను.

1919కి ముందు ఆ పేరుతో విడిగా టౌన్‌షిప్పే లేదు. ఊరు కొంత క్రాన్‌బరీలో, కొంత సౌత్ బ్రన్స్‌విక్‌లో ఉండేది. పిల్లలకు మంచి బడి కావాలని ఊళ్లోవాళ్లు గొడవపడి, చివరికి ఆ ఏడాది విడిపోయి సొంత టౌన్‌షిప్ తెచ్చుకున్నారు. ముందుండి నడిపిన విక్కాఫ్ గారి పేరు ఇప్పటికీ అక్కడి చిన్నపిల్లల స్కూలుకు ఉంది. ఆయన ఇంటిని మ్యూజియం చేశారు.

అప్పటికే ఆ ఊరికి అన్నం పెడుతున్నది వాకర్ గోర్డన్ అనే పాల ఫారం. పాలు వేడిచేసి క్రిములను చంపే పాశ్చరైజేషన్ ఇంకా అంతటా రాని కాలంలో, పాలు శుభ్రంగా లేక పసిపిల్లలు చనిపోయేవారు. అందుకని పాక దగ్గర్నుంచి సీసా దాకా మురికి సోకకుండా పాలు తీసి, డాక్టర్ల తనిఖీతో అమ్మడం వీళ్ల వ్యాపారం. 1930లో అక్కడే రోటోలాక్టర్ పెట్టారు. గుండ్రంగా, నెమ్మదిగా తిరిగే పెద్ద వేదిక, దాని మీద ఒకేసారి 50 ఆవులు. ఆవు ఎక్కగానే ఒళ్లు కడిగి ఆరబెడతారు, పొదుగుకు మిషన్ తగిలిస్తారు. దాదాపు పన్నెండున్నర నిమిషాల్లో వేదిక ఒక చుట్టు తిరిగేసరికి పాలు తీయడం అయిపోతుంది, ఆవు దిగి తన దారిన పోతుంది. ఏ ఆవు పాలు దాని సీసాలోకే వెళతాయి కాబట్టి ఎంత ఇచ్చిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. తెల్లవారుజామున క్యాన్ల ముందు లాక్టోమీటరు పట్టుకుని నిలబడి, ఏ క్యాన్‌లో ఎవరు నీళ్లు కలిపారో పట్టుకోవడమే ఉద్యోగమైన నాకు, ఇది చదివినప్పుడు కలిగిన అసూయ ఇంతా అంతా కాదు.

1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బోర్డెన్ కంపెనీ ఈ యంత్రాన్ని చూపించింది. ఆ కంపెనీ ప్రకటనల్లో అప్పటికే ఎల్సీ అనే బొమ్మ ఆవు ఉండేది. జనం యంత్రాన్ని వదిలేసి "వీటిలో ఎల్సీ ఎవరు?" అని అడగడం మొదలుపెట్టారు. దాంతో ఉన్నవాటిలో కాస్త కళగా ఉన్న ఒక జెర్సీ ఆవును ఎంచి ఎల్సీ అన్నారు. పాపం, 1941లో లారీ ప్రమాదంలో దెబ్బతిని పోయింది. దాన్ని పాతిపెట్టింది ప్లెయిన్స్‌బరోలోనే. సమాధిరాయి ఇప్పటికీ ఉంది. నేను వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చాను. మనవరాలికి నవ్వాగలేదు.

ఫారం 1971లో మూతపడింది. ఆ దశాబ్దం నుంచే పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్, డీర్ క్రీక్... నక్కల పేర్లూ జింకల పేర్లూ పెట్టారు గానీ అన్నం పెట్టిన ఆవును మాత్రం ఎవరూ తలుచుకోలేదు. ఆ అపార్ట్‌మెంట్లలోనే మనవాళ్లు ఎంతోమంది మొదటి కాపురం పెట్టారు. 2020 జనాభా లెక్కల్లో ఊరి మొత్తం జనం 24,084. పెరంబూరులో మా నాలుగు వీధులు కలిపినా ఇంకా ఎక్కువే ఉంటారేమో! సాయంత్రం నడకకు వెళితే తెలుగు, తమిళం, గుజరాతీ వినిపిస్తాయి. నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు రోజూ లైబ్రరీ దగ్గర కలిసేవారు. మాటలన్నీ షుగరు, మోకాళ్లు, వీసా పొడిగింపు.

మనవాళ్లు ఈ ఊరు ఎంచుకునేది స్కూళ్ల కోసం. పక్క ఊరైన వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో రెండింటికీ కలిపి ఒకే స్కూలు జిల్లా, అంటే రెండు ఊళ్ల బళ్లకూ ఒకే యాజమాన్యం. 2015లో పిల్లల మీద టెన్షన్ మరీ ఎక్కువైందని ఆ బళ్లన్నిటికీ పెద్ద అయిన సూపరింటెండెంట్ హైస్కూల్లో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు ఎత్తేశారు, హోంవర్క్ లేని రాత్రులు పెట్టారు. తల్లిదండ్రులు రెండుగా చీలిపోయారు. చదువు పలచబడిపోతుందని వాదించినవాళ్లలో ఆసియావాళ్లు ఎక్కువని అప్పట్లో పత్రికలు రాశాయి. మా అల్లుడు ఇప్పటికీ ఆ పక్షమే. ఐఐటీ కోచింగ్‌లో నలిగి వచ్చినవాడు కదా, ఇంకోలా ఉంటుందని ఊహించలేడు. నా ఓటు ఆ సూపరింటెండెంట్‌కే. బెదిరిన ఆవు పాలు చేపదు.

ఊరి పాలన ఐదుగురు సభ్యుల కమిటీది. వాళ్లలో ఒకరినే మేయర్‌గా ఎన్నుకుంటారు. మీటింగులో ఎవరైనా లేచి మాట్లాడవచ్చట. "ఫాక్స్ రన్‌కి ఎదురుగా ఒక వీధికి ఎల్సీ పేరు పెట్టమని అడుగు" అని అమ్మాయికి చెప్పి వచ్చాను. "నాన్నా, మీరు ఊరుకోండి" అంది.