గడ్డం పెట్టినా దొరికిపోయిన గొంతు

మడతపెడుతున్న చొక్కా చేతిలోనే ఉండిపోయింది. టీవీలో ‘అడ్వెంచర్ టైమ్’ కార్టూన్‌లోని ఐస్ కింగ్ ఏడుపుగొట్టు గొంతుతో బతిమాలుకుంటున్నాడు. ఈ గొంతు నాకు తెలుసే!

చివర్లో పేర్లు పడేదాకా కదల్లేదు. టామ్ కెన్నీ. 1999 నుంచి ఇంకో కార్టూన్‌లో స్పాంజ్‌బాబ్‌గా కిలకిలలాడుతున్న మనిషే!

ఇంకాస్త వెతికితే, స్పాంజ్‌బాబ్ పెంచుకునే నత్త గ్యారీ ‘మియావ్’ కూడా ఈయనదేనట. ఇన్నేళ్లూ ఆ ఇద్దరి కబుర్లకు ముచ్చటపడ్డాను. తీరా చూస్తే ఒకే మనిషి తనతో తాను మాట్లాడుకుంటున్నాడన్నమాట. అదే కార్టూన్‌లో విలన్ ప్లాంక్టన్‌ను దెప్పిపొడిచే అతని కంప్యూటర్ భార్య కరెన్‌ గొంతేమో ఈయన అసలు భార్య జిల్ టాలీది!

ముఖాలు గుర్తుపట్టడంలో నేను మహా మొద్దును. పక్కింటివాళ్లు ఎదురైనా పోల్చుకోలేను. ఈ గొంతు మాత్రం కిరీటం, తెల్లగడ్డం తగిలించుకుని వచ్చినా దొరికిపోయింది.