ప్యాడ్లకని ఇచ్చిన కారు

ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చమని పొద్దున కారిచ్చాను. సాయంత్రం బిల్లు చేతికొచ్చేసరికి తడిసి మోపెడైంది. ఎస్టిమేట్‌లో ఉన్నవి రెండే లైన్లు: ప్యాడ్ల సెట్టు, దాని లేబర్. బిల్లులో ఏడున్నాయి. ప్యాడ్లు, ప్యాడ్ల లేబర్, డిస్కులు రెండు, డిస్కుల లేబర్, బ్రేక్ ఆయిల్, ఆయిల్ మార్చిన లేబర్, అన్నిటికీ అడుగున కన్స్యూమబుల్స్. మొత్తం కలిపితే ఎస్టిమేట్‌కి దాదాపు మూడు రెట్లు.

ప్యాడ్ల విషయంలో నాకు గొడవేం లేదు. కొన్నాళ్లుగా బ్రేక్ తొక్కినప్పుడల్లా కీచుమంటోంది. ప్యాడ్ పక్కన చిన్న రేకు ముక్క ఒకటి ఉంటుంది. ప్యాడ్ పలచబడ్డాక అది, చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కుకి (ప్యాడ్లు నొక్కిపట్టేది దీన్నే) తగిలి అరవడం మొదలుపెడుతుంది, అరవడానికే పెడతారు దాన్ని. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం 10, 12 మిల్లీమీటర్లుంటే, 3 దగ్గరికి వచ్చేసరికి మార్చేయమంటారు. నావి ఇంకా కిందికే దిగిపోయాయి. కాబట్టి మార్చాల్సిందే, మార్చారు, బాగుంది.

పొద్దున సర్వీస్ అడ్వైజర్, చేయాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డు నింపుతూ, "చక్రాలు విప్పాక డిస్కులు కూడా చూస్తాం సార్" అన్నాడు. "చూడండి. కానీ ఎక్స్‌ట్రా పని ఏదున్నా నాకు ఫోన్ చేసి, నేను సరే అన్నాకే ముట్టుకోండి" అన్నాను. అంతటితో ఆగకుండా ఆ మాట కార్డు మీద రాయించాను కూడా. ఇంట్లో వాళ్లు దీన్ని నా చాదస్తం అంటారు. కానివ్వండి.

సాయంత్రం ఆ అడ్వైజరే కౌంటర్ దగ్గర ఉన్నాడు. కుర్రవాడు, మాట మర్యాదగానే ఉంది. డిస్కులు ఎందుకు మార్చారని అడిగితే, "బాగా అరిగిపోయాయి సార్, మీ సేఫ్టీ కోసమే" అన్నాడు. రిపేర్ల లోకంలో దీన్ని మించిన మాట లేదు. సేఫ్టీ అన్నాక ఇంకో ప్రశ్న వేసినవాడు, నాలుగు డబ్బుల కోసం పెళ్లాం పిల్లల ప్రాణం పణంగా పెట్టే పిసినారిలా కనిపిస్తాడు. చాలామంది అక్కడే బ్యాంకు కార్డు తీసి ఇచ్చేస్తారు. నా పక్కన నిలబడ్డ ఆయన అయితే బిల్లు రెండో పేజీ తిప్పి, కింది అంకె చూసి, ఒక్క నిట్టూర్పుతో కట్టేసి వెళ్లిపోయాడు.

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"చేశాం సార్, కలవలేదు."

ఫోన్ తీసి కాల్ లిస్టు చూపించాను. ఆ నంబర్ నుంచి మిస్డ్ కాల్ కూడా లేదు. కాసేపు స్క్రీన్ వంక చూసి, "అయితే మావాళ్లు మర్చిపోయుంటారు" అని నసిగాడు. నిజానికి ఈ మాట మొదటే అని ఉంటే నా కోపం సగం అక్కడే చల్లారేది.

పాత డిస్కులు చూపించమన్నాను. పాత సామాన్లు అడిగే వాళ్లు తక్కువనుకుంటా, స్క్రాప్‌లో వేసేశామన్నాడు. ఇవాళ వేసినవేగా, పైనే ఉంటాయి, తెప్పించండి అన్నాను. కాసేపటికి ఒక పెద్దాయన రెండు డిస్కులూ చెరో చేత్తో పట్టుకుని వచ్చాడు. పని చేసింది ఆయనేనట. మోచేతుల దాకా నల్లటి బ్రేక్ దుమ్ము. డిస్కులు బల్ల మీద పెట్టి, గుడ్డతో ఒకదాని మొహం తుడిచాడు. మధ్య భాగమంతా మెరుస్తోంది, మీద గోటికి తగిలీ తగలనట్టుగా సన్నటి గుండ్రటి గీతలు. బయటి అంచున, ప్యాడ్ చేరని చోట, తుప్పు పట్టిన చిన్న గట్టు.

డిస్కు లోపలి టోపీ భాగం మీద అచ్చు పోసి ఉంది, మినిమమ్ మందం 20 మిల్లీమీటర్లని. కొత్తదాని మందం 22. అంటే ఇంత బరువైన ఇనప చక్రంలో వాడుకోవడానికి ఉన్నది నికరంగా 2 మిల్లీమీటర్లే. ఆ కిందికి వెళ్తే పారేయాల్సిందే, దానికి బేరం లేదు. మరి ఇది ఎంతుంది?

"వెర్నియర్ ఉందా?" అని అడిగాను. పెద్దాయన నవ్వి లోపలికి వెళ్లి మైక్రోమీటర్ తెచ్చాడు. "వెర్నియర్ పెడితే ఈ గట్టు మీద కూర్చుంటుంది బాబూ, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ప్యాడ్ తినే చోట కొలవాలి" అంటూ గట్టు దాటించి లోపలికి బిగించాడు. డిస్కు తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచాడు, అరుగుదల అంతటా ఒకేలా ఉండదు కదా. 20.7, 20.6, మళ్లీ 20.7. రెండో డిస్కు 20.8.

"మార్చకపోయినా నడిచేదే. మార్చితే ఇంకా మంచిదే" అన్నాడు మైక్రోమీటర్ డబ్బాలో పెట్టుకుంటూ. అడ్వైజర్ వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

ఆయన అన్న రెండూ నిజమే. ఇవాళ్టి పేచీ అంతా ఆ రెండు వాక్యాల మధ్యే ఉంది. అడ్వైజర్ వాదన కొట్టిపారేసేది కాదు. డిస్కులో పనికొచ్చే మందం మూడింట రెండొంతులు ఖర్చయిపోయింది, ఇప్పుడు వేసిన ప్యాడ్లు అరిగేలోపే అది లిమిట్ దాటుతుంది. గీతలు పడ్డ డిస్కు మీద కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి టైం పడుతుంది, చప్పుడు కూడా రావచ్చు. డిస్కు పలచబడేకొద్దీ వేడిని దాచుకునే ఇనుము తగ్గుతుంది కాబట్టి తొందరగా కాగుతుంది. ఇవన్నీ మధ్యాహ్నం ఫోన్లో రెండు నిమిషాలు చెప్పి ఉంటే, సరే కానివ్వండి అనేవాణ్ణే. నాకు ఒళ్లు మండింది సరిగ్గా అందుకే. ఎలాగూ ఒప్పుకునేవాణ్ణి కదా అని నా తరఫున వాళ్లే ఒప్పేసుకున్నారు. నేను వచ్చే నెల ఈ కారు అమ్మేస్తానేమో, డిస్కులు ఇంకో కంపెనీవి వేయించుకుందామనుకున్నానేమో, జీతం వచ్చాక చూద్దాంలే అనుకునేవాణ్ణేమో, వాళ్లకేం తెలుసు?

సరే, అది అనుమతి గొడవ. లేబర్‌ది వేరే కథ. డిస్కు ఊడదీయాలంటే ఏం చేయాలి? చక్రం విప్పాలి, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ విప్పి పక్కన కట్టాలి, ప్యాడ్లు బయటికి తీయాలి, క్యాలిపర్ బ్రాకెట్ బోల్టులు తీయాలి, అప్పుడు గానీ డిస్కు రాదు. అంటే ప్యాడ్లు తీసి పెట్టే పని డిస్కు పనిలోనే ఉంది. ఒకే చక్రాన్ని, ఒకే క్యాలిపర్‌ని, ఒకేసారి విప్పి, రెండుసార్లు విప్పినట్టు డబ్బులు వేశారు.

"సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్. రెండూ వేరే వేరే జాబ్ కోడ్‌లు" అన్నాడు కుర్రవాడు. సిస్టమ్ మీదికి నెట్టేశాక ఇక మనిషితో మాట్లాడి లాభం లేదు. మేనేజర్‌ని పిలవమన్నాను.

మేనేజర్ వచ్చి లేబర్ లెక్క గురించి చెప్పిన దాంట్లో ఒక మాట మాత్రం న్యాయంగానే ఉంది. ఏ పనికి ఎన్ని గంటలో ముందే రాసిపెట్టిన పట్టిక ఒకటుంటుంది, బిల్లు దాని ప్రకారం వేస్తారు, గడియారం చూసి కాదు. చెయ్యి తిరిగిన మెకానిక్ గంటన్నర పని ముప్పావు గంటలో ముగించినా గంటన్నరకే కట్టాలి, తుప్పు పట్టిన బోల్టు రాక పూట గడిచినా అదే గంటన్నర. ఆయన చేయి చురుకుగా ఆడినందుకు నాకు తగ్గింపు అడిగే హక్కు లేదు, నేనూ అడగలేదు. కానీ ఆ పట్టికలో ఒక్కో పనికీ వేసిన టైం అది ఒక్కటే చేస్తున్నామనుకుని వేసినది. రెండు పనులు కలిసినప్పుడు ఉమ్మడి భాగం ఒక్కసారే లెక్కలోకి రావాలి. ఇది చెప్తుంటే ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. ఆయనకు తెలియని సంగతేం కాదు మరి.

బ్రేక్ ఆయిల్ దగ్గర ఎక్కువ మాట్లాడే అవసరం రాలేదు. ఆ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, అందుకే సుమారు రెండేళ్లకోసారి మార్చమంటారు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలి, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. కాబట్టి మార్చడం మంచి అలవాటే. అయితే నేను పోయినేడాది ఇంకోచోట మార్పించాను, ఆ బిల్లు డాష్‌బోర్డ్ అరలోనే ఉంది. పైగా ప్యాడ్లు, డిస్కులు మార్చడానికి ఆయిల్ గొట్టం విప్పే పనే లేదు. క్యాలిపర్ పిస్టన్‌ని వెనక్కి నొక్కితే సరిపోతుంది, ఆయిల్ పైనున్న డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. పాత బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టగానే మేనేజర్ ఆ రెండు లైన్ల మీద పెన్నుతో గీత కొట్టేశాడు.

తర్వాత నవ్వుతూ, "మొత్తం మీద టెన్ పర్సెంట్ డిస్కౌంట్ ఇచ్చేస్తాను సార్, వదిలేయండి" అన్నాడు. వద్దన్నాను. ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది. డిస్కౌంట్ తీసుకుంటే, బిల్లు సరైనదేనని, ఏదో దయతలచి తగ్గించారని నేను ఒప్పుకున్నట్టు. రేపు ఇదే కారు ఇంకో పనికి వస్తే ఇదే లెక్క మళ్లీ వేస్తారు. నాకు కావాల్సింది చేయమని చెప్పని పని లైను బిల్లులోంచి పోవడం.

"అయితే పాత డిస్కులే మళ్లీ బిగించి ఇచ్చేస్తాం, సరేనా?" అన్నాడు, ఈసారి నవ్వు లేకుండా.

ఒక్క క్షణం ఆలోచించాను. మళ్లీ విప్పడం, మళ్లీ బిగించడం, కొత్త డిస్కు మీద అప్పుడే ఒకట్రెండు కిలోమీటర్లు తిరిగిన ప్యాడ్లను పాత గీతల మీద కూర్చోబెట్టడం. పంతానికి చేసే పని తప్ప ఎవరికీ లాభం లేదు. పైగా తాళాలు వాళ్ల బల్ల సొరుగులో ఉన్నాయి. చేసిన రిపేరుకి డబ్బు అందేదాకా బండిని అట్టే పెట్టుకునే హక్కు చాలా దేశాల చట్టాల్లో రిపేరు చేసినవాడికి ఉంది, లియెన్ అంటారు. నేను చెప్పని పనికి ఆ హక్కు వర్తిస్తుందా అన్నది కోర్టులో తేల్చుకోవాల్సిన సంగతి. నాకేమో రేపు పొద్దున్నే కారు కావాలి. ఇలాంటి చోట బేరం ఎప్పుడూ సమానంగా ఉండదు, ఇది మాత్రం ఒప్పుకోవాలి.

చివరికి నేనే ఒక దారి చెప్పాను. డిస్కుల ధర ఇస్తాను, వస్తువు నా కారులోనే ఉంది కాబట్టి. ప్యాడ్ల లేబర్ ఎస్టిమేట్‌లో ఒప్పుకున్నదే, అదీ ఇస్తాను. డిస్కుల లేబర్ మాత్రం ఇవ్వను. అడ్వైజర్ ఏదో అనబోయాడు, మేనేజర్ చేత్తో ఆపి జాబ్ కార్డు తెప్పించుకున్నాడు. పొద్దున కుర్రవాడు స్వయంగా రాసిన లైను చదివాడు. "కస్టమర్‌కి ఫోన్ చేసి అడిగాకే అదనపు పని." కార్డు బోర్లా పెట్టేసి, "సరే సార్" అన్నాడు. ఆ రాయించుకున్న వాక్యమే లేకపోతే ఇంకో గంట పట్టేది, అప్పటికీ ఓడిపోయేవాణ్ణేమో.

మిగిలింది కన్స్యూమబుల్స్. గుడ్డ ముక్కలు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, గ్రీజు లాంటి వాటి కింద వేస్తారు. వాడినవి లెక్కపెట్టి వేసేది కాదు, లేబర్ మీద ఇంత శాతమని పడుతుంది. లేబర్ మూడు లైన్ల నుంచి ఒకటికి దిగింది, ఇది మాత్రం ఉన్నచోటే ఉంది. అది అడిగేసరికి మేనేజర్ గారికి నీరసం వచ్చేసింది. కౌంటర్‌లో ఇప్పుడు మార్చడం కుదరదు, సరిచేసిన బిల్లు రాత్రికి మెయిల్ చేస్తాను, తేడా వెనక్కి వేస్తాను అన్నాడు. రెండు కాపీల మీదా ఆ ముక్క రాసి సంతకం పెట్టించుకుని డబ్బు కట్టాను.

గేటు దగ్గర పెద్దాయన కనిపించి అద్దం దించమని సైగ చేశాడు. "మొదటి మూడొందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకండి. దూరం నుంచే మెల్లగా తొక్కుతూ ఆపండి. కొత్త ప్యాడూ కొత్త డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడాలి" అన్నాడు. ఇవాళ ఆ షాపులో బిల్లుతో సంబంధం లేకుండా నాతో మాట్లాడింది ఆయనొక్కడే. పేరడిగి గుర్తుపెట్టుకున్నాను, ఈసారి వెళ్తే ఆయన చేతికే ఇవ్వమంటాను. అవును, వెళ్తాను. పని బాగా చేశారు, కీచు చప్పుడు పోయింది, స్టీరింగ్‌లో వణుకు లేదు.

భోజనమయ్యాక మెయిల్ వచ్చింది. సరిచేసిన బిల్లు జతచేశారు. ఆయిల్ లేదు, డిస్కుల లేబర్ లేదు, కన్స్యూమబుల్స్ తగ్గాయి, తేడా మూడు రోజుల్లో ఖాతాలో పడుతుందని రాశారు. అంతా సరిగ్గానే ఉందని మూసేయబోతూ అడుగున రిమార్క్స్ గడి చూశాను. "ముందు డిస్కులు మార్చబడినవి. కస్టమర్ ఫోన్‌లో ఒప్పుకున్నారు."

డబ్బుల సంగతి తేలిపోయింది, ఆ లైను కూడా తీసేసి ఇంకోసారి పంపండి అని జవాబు రాసి, జాబ్ కార్డు ఫోటో జతచేసి పంపాను.