ఐరన్ బిళ్ల ఒంటబట్టాలంటే: గర్భిణులతో నా అనుభవం

అన్నానికి కరువు లేని డెల్టాలో గర్భిణులకు రక్తం ఎందుకు తక్కువుంటుందని చాలామంది అడుగుతారు. మరలో బాగా తెల్లగా పట్టించిన బియ్యం, గంజి వార్చేసిన అన్నం, అందులోకి పచ్చడో పులుసో. కడుపు నిండుతుంది గానీ అందులో ఐరన్ ఎక్కడుంది? దీనికి తోడు, తడిమట్టిలో చెప్పుల్లేకుండా తిరిగితే కొంకి పురుగు పాదాల చర్మం గుండానే లోపలికి పోయి పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. అందుకే నాలుగో నెల వచ్చాక 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్కసారి మింగిస్తాం. మొదటి మూడు నెలల్లో అది ఇవ్వం.

పని మాత్రం నెల తప్పకముందే మొదలవ్వాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. ఇంట్లో వాళ్లకి అనుమానం వచ్చేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. పిల్లలు కావాలనుకున్నవాళ్లు కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలెట్టి, మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి ఈ మాట చెబితే అత్తగారు "ఇంకా ఏమీ లేదు కదండీ" అంటారు. ఏమీ లేనప్పుడే వేసుకోవాల్సిన బిళ్ల అది.

హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 10 నుంచి 10.9 దాకా కొద్దిపాటిది, 7 నుంచి 9.9 దాకా మధ్యస్థం, 7 కంటే తగ్గితే తీవ్రం. పరీక్షలోనే తేడా రావొచ్చు. వేలిని గట్టిగా పిండితే రక్తంలో ఒంటినీరు కలిసి అంకె తక్కువ చూపిస్తుంది. మొదటి చుక్క తుడిచేసి, తనంతట తాను ఊరిన చుక్కే తీసుకోవాలి.

నాలుగో నెల నుంచి రోజుకో ఎర్రబిళ్ల. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పులోపు కనీసం 180, కాన్పయ్యాక మరో 180. రక్తహీనత కొద్దిపాటిదైనా, మధ్యస్థమైనా రోజుకు రెండు. నెల తిరిగేసరికి కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే పెద్దాసుపత్రికి పంపాల్సిందే. 7 కంటే తగ్గినవాళ్లకి బిళ్లలతో కాలం గడపకూడదు. నరంలోకి ఐరన్ ఎక్కించాలా, రక్తమే ఎక్కించాలా అన్నది అక్కడి డాక్టరు తేలుస్తారు.

"రోజూ వేసుకుంటున్నానండి, అయినా రక్తం పెరగట్లేదు" అన్నవాళ్లని నేను ముందు అడిగేది, ఎన్నింటికి వేసుకుంటున్నావు, దేంతో వేసుకుంటున్నావు అని. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. టీతో మింగితే టీలోని వగరు ఐరన్‌ని పట్టేస్తుంది. అటూ ఇటూ గంటసేపు టీ, కాఫీ ఉండకూడదు. కాల్షియం బిళ్ల కూడా ఐరన్‌కి అడ్డే, రెండింటికీ రెండు గంటల ఎడం కావాలి. పాలూ పెరుగూ అంతే. మన ఇళ్లలో రాత్రి భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది, వెంటనే బిళ్ల వేసుకుని పడుకుంటారు. నేను చెప్పేది ఇది: కాల్షియం ఒకటి పొద్దున్న టిఫినుతో, ఒకటి మధ్యాహ్నం అన్నంతో. పెరుగు మధ్యాహ్నానికి మార్చుకోవాలి. రాత్రి పెందలాడే తిని, పడుకునే ముందు ఐరన్ బిళ్ల, దాంతోపాటు నిమ్మకాయ నీళ్లో ఓ జామముక్కో. విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది, నిద్రలో వికారమూ తెలియదు.

విరేచనం నల్లగా అవుతుందని భయపడి మానేసేవాళ్లు చాలామంది. అది మామూలే. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు పెంచాలి తప్ప బిళ్ల మానకూడదు. బిళ్లలు పిల్లలకు అందేచోట పెట్టొద్దు. నాలుగైదు మింగినా చిన్నపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది.

పచ్చి బియ్యం, బలపం, మట్టి నమలాలనిపిస్తోందంటే వేవిళ్లని నవ్వి వదిలేయొద్దు. రక్తహీనతలో అలా జరుగుతుంది, వెంటనే పరీక్ష చేయించాలి.

తిండి సంగతికొస్తే బీట్‌రూట్ మీద జనానికున్న నమ్మకం నాకు లేదు. ఎర్రగా ఉన్నంత మాత్రాన అందులో ఐరన్ ఉన్నట్టు కాదు. తోటకూర, ఉలవలు, నువ్వులు, గుడ్డు, మాంసం, చేప నయం. మాంసంలోదీ చేపలోదీ ఆకుకూరల్లోదాని కంటే తేలిగ్గా ఒంటబడుతుంది. కార్జంలో విటమిన్ ఎ మరీ ఎక్కువ కాబట్టి తొలి మూడు నెలలు వద్దు, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడే. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు మంచివి. పాలు పడతాయని బాలింతలకు సొర పిట్టు వండిపెట్టే ఆచారాన్ని మాత్రం నేను ప్రోత్సహించను. సొర పెద్ద చేప, దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లకి పనికిరావు. చోడిజావ (రాగిజావ) కాల్షియానికి మంచిది, వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. కాబట్టి దాన్ని ఐరన్ బిళ్లకు దూరంగా తాగాలి.

"ఎక్కువ తింటే బిడ్డ లావై ఆపరేషనవుతుంది" అని తిండి తగ్గించడం ఇక్కడ ఇంకా ఉంది. నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా 350 కేలరీలు కావాలి. ఓ కప్పు అన్నం, పప్పు, గుడ్డు కలిపితే సుమారుగా అంతే. బిడ్డ మరీ లావవడానికి అసలు కారణం తరచుగా తల్లి రక్తంలో పెరిగిన చక్కెర. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు 140 దాటిందంటే షుగరు వచ్చినట్టే. ఈ పరీక్ష మొదటిసారి చూపించుకున్నప్పుడు, మళ్లీ 24–28 వారాల మధ్య చేయించాలి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో డాక్టరు ఉచితంగా చూస్తారు, ఆ రోజు వదులుకోవద్దు.

కాన్పులో బొడ్డు తాడు వెంటనే కట్ చేయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే బిడ్డకు అదనంగా రక్తం చేరుతుంది. గంటలోపు ముర్రుపాలు పట్టాలి. తేనె, పంచదార నీళ్లు, వస ఏవీ వద్దు. ఆముదం అసలు వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా అవుతుంది. బొడ్డుకు పసుపూ బూడిదా రాయకుండా పొడిగా వదిలేయాలి. తొలి 24 గంటలు స్నానం వద్దు. 2.5 కిలోల లోపు బిడ్డని తల్లి గుండెలకు చర్మం చర్మం తగిలేలా కట్టుకుంటే వెచ్చదనం నిలుస్తుంది. మొదటి రోజుల్లో పదో వంతు దాకా బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకు తిరిగి రావాలి. వారం నాటికి రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నట్టే.

అరచేతులు, అరికాళ్లు పసుపెక్కినా, పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఒళ్లు కాలినా, చల్లబడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఆశా కార్యకర్త మీ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వస్తుంది. బాలింతకు నీళ్లు, కూరగాయలు కట్టేసే పథ్యం పెడుతుంటే ఆశా చేతే అత్తగారికి చెప్పించండి, కోడలు చెబితే వినరు. ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలే. ఆ తర్వాత ఐరన్ సిరప్ ఒక మిల్లీలీటరు చొప్పున వారానికి రెండుసార్లు.